ఓదెలన్న తినని నూనె

2004 వేసవి, సూరత్‌లోని బమ్రోలి. ఆ ఏడాది మే నెలలో రెండు వారాల్లో నా మెస్సు పోగొట్టుకున్నవాటి లెక్క ముందుగా చెబుతాను. ముప్ఫై నాలుగు మంది సభ్యుల్లో తొమ్మిది మంది వేరే మెస్సుకు పోయారు. ఒక పూట వండిన పప్పు గిన్నెతో సహా వాకిట్లోకి పోయింది. గిన్నె దొరికింది గాని దాని చెవి ఊడిపోయింది. 'నర్సయ్యది పెద్ద చెయ్యి' అని పదకొండేళ్లుగా గల్లీలో ఉన్న పేరు పోయింది. నా భార్య సులోచన నాతో మాట్లాడటం మానేసిన నాలుగు రోజులు కూడా ఈ ఖాతాలోవే. ఇవన్నీ పోవడానికి కారణం ఒక్కటే. నేను కూరల్లో నూనె తగ్గించాను. ఎందుకు తగ్గించానో చెబితే ఒక మనిషి బతుకుతెరువు పోతుంది. తగ్గించకుండా పాత పద్ధతిలోనే వండితే ఆ మనిషే పోతాడు.

నేను ఏడో తరగతి దాకా చదివాను. లెక్కలు మాత్రం బడిలో కన్నా మగ్గాల షెడ్డులో, ఆ తర్వాత కిరాణా కొట్ల త్రాసుల ముందు నేర్చుకున్నాను. మా మెస్సు అంటే రెండు గదులు, ఒక వసారా. తినేవాళ్లంతా కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి పవర్‌లూమ్ నేతకు వచ్చి, కుటుంబాలను ఊళ్లో ఉంచి ఇక్కడ ఒంటరిగా ఉండే మగవాళ్లు. పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా ఒక షిఫ్టు, రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు దాకా ఇంకొకటి. వండేది సులోచన. కొనడం, కొలవడం నా వంతు.

మెస్సు నడిపేవాడు నిజాయితీపరుడో కాదో తేల్చడానికి మా సభ్యులకు ఒక కొలత ఉండేది. దాన్ని తర్రి అంటారు. కూర మీద ఎర్రగా తేలే నూనె పొర. కొత్తగా చేరేవాడు మొదటి రోజు పళ్లెం కాస్త వంచి చూస్తాడు. నూనె విడిపడి ఒక పక్కకు జారితే మెస్సువాడు మంచివాడు. జారకపోతే, సరుకులు ఇంట్లో దాచుకునే దొంగ. దీనికి తోడు ఇంకో నమ్మకం. మగ్గాల దగ్గర గొంతులోకి పోయే నుసి నూనె తింటేనే కిందికి జారుతుందని. నేను నేత నేసిన రోజుల్లో నేనూ అలాగే నమ్మాను. మెస్సు పెట్టాక మా తర్రి చూసి మనుషులు చేరుతుంటే గర్వపడ్డాను కూడా.

ఓదెలు మా మెస్సు మొదటి రోజు నుంచి ఉన్న మనిషి. వయసు నలభై ఆరు. పాండేసరలో ఒక సేటు దగ్గర ఎనిమిది మగ్గాలు చూసేవాడు. మాట తక్కువ, తిండి ఎక్కువ. మార్చిలో ఒక సెలవు రోజు మధ్యాహ్నం మాంసం వండాం. ఓదెలు సగం తిని, చెయ్యి కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆయన చొక్కా మాత్రం తడిసిపోయింది.

"ఏమైందన్నా?" అన్నాను.

"ఏం లేదు, గ్యాసు. చాతి మీద బీము పెట్టినట్టున్నది," అన్నాడు. బీము అంటే మగ్గానికి ఎక్కించే పడుగు దారం చుట్టిన పెద్ద ఇనుప రోలరు. ఇద్దరు మనుషులు పడితే గాని లేవదు.

"సోడా తాగుతవా?"

"తాగిన. ఎడమ చెయ్యి గుంజుతున్నది. జర సేపు పంటే పోతది."

నాకు వైద్యం తెలియదు. కాని పదకొండేళ్లలో ఆయన పళ్లెంలో మాంసం మిగిల్చింది లేదు. ఆ మిగిలిన సగం నా లెక్కకు అందలేదు. ఆటో పిలిచి, వద్దు వద్దంటున్నా ఎక్కించి, దగ్గరలో ఉన్న ఒక ట్రస్టు ఆసుపత్రికి తీసుకెళ్లాను. అక్కడ ఈసీజీ తీశారు. గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీతలుగా చూపే పరీక్ష అది. ఆ గీతలు చూసి డాక్టరు నన్ను బయటికి పంపి, గుండె రక్తనాళంలో అడ్డుపడ్డ గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదలుపెట్టాడు.

ఆ డాక్టరు గుజరాతీ ఆయన, యాభై ఏళ్లు ఉంటాయి. విసుగు లేకుండా హిందీలో చెప్పేవాడు. ఓదెలును ఇంటికి పంపే రోజు మమ్మల్ని ఇద్దరినీ కూర్చోబెట్టాడు. వచ్చింది గ్యాసు కాదు, హార్ట్ ఎటాక్. గుండె కండరంలో కొంత భాగం దెబ్బతింది. మిగిలింది కాపాడుకోవాలి. మాత్రలు ఒక్క పూట కూడా మానకూడదు. మావా, అంటే పొగాకూ వక్కా సున్నం కలిపి నమిలేది, ఆ రోజుతో బంద్. నూనె, ఉప్పు బాగా తగ్గాలి. నెలన్నర ఇంటి దగ్గర ఉండి, నెమ్మదిగా నడక పెంచాలి. ఆ తర్వాత మూడు నెలలకు టీఎంటీ చేస్తాడు. కదిలే పట్టీ మీద నడిపిస్తూ గుండె ఎంత తట్టుకుంటుందో చూసే పరీక్ష. అది బాగుంటేనే పన్నెండు గంటల షిఫ్టుకు తన ఒప్పుదల.

"ఇంకోసారి వస్తే ఆసుపత్రి దాకా తెచ్చే టైము కూడా దొరక్కపోవచ్చు," అన్నాడు.

ఆటోలో ఓదెలు నా మోకాలి మీద చెయ్యి వేశాడు. "నర్సన్నా, ఒక్క మాట. గిది గ్యాసే. అందరికీ గ్యాసు అనే చెప్పాలె. సేటుకు తెలిస్తే మగ్గాలు గుంజుకుంటడు. పోయిన ఏడు మా పక్క షెడ్డుల ఒకాయనకు గిట్లనే అయితే, తెల్లారి ఆయన మగ్గాలు ఇంకోని చేతుల ఉండె."

"ఇంట్ల వదినెకు?"

"ఆమెకు గూడ గ్యాసే. ఫోన్ల చెప్పిన. వాము నమలుమన్నది."

సేటుకు ఊళ్లో పెళ్లి ఉందని చెప్పించి, నెలన్నర మా వెనక గదిలోనే ఉంచుకున్నాం. మెస్సువాళ్లకు నడుంనొప్పి అన్నాం. మే మొదటి వారం ఆయన మళ్లీ మగ్గాల దగ్గరికి పోయాడు. పరీక్ష అయ్యేదాకా ఆగమంటే వినలేదు. ఇంకా ఆలస్యమైతే సేటు మనిషిని మారుస్తాడు. చివరికి డాక్టరును బతిమాలితే, ఎనిమిదికి బదులు నాలుగు మగ్గాలు మాత్రం చూడటానికి ఒప్పుకున్నాడు. మిగతా నాలుగు మగ్గాలకు ఓదెలు తన మేనల్లుడిని పెట్టుకున్నాడు.

ఇక తిండి. వెనక గదిలో ఉన్నన్నాళ్లూ సులోచన విడిగా వండింది. షిఫ్టు మొదలయ్యాక ఆయన వసారాలో అందరి మధ్య కూర్చుని తినాలి. విడిగా గిన్నె పెడతామంటే చేతులు జోడించాడు.

"అందరి నడుమ నాకొక్కనికే సప్పిడి కూడు పెడితే, రోగి అని డప్పు కొట్టినట్టే గదా వదినే."

అంటే ఆయన తినాల్సింది అందరూ తినాలి. అప్పుడు నాకు ఒక సందేహం కలిగింది. డాక్టరు మనిషికి రోజుకు నాలుగు చిన్న చెంచాల నూనె చాలన్నాడు. అసలు మేమెంత పెడుతున్నాం? పదకొండేళ్లు నూనె కొన్నాను గాని మనిషికి ఎంత పడుతుందని ఒక్కసారి కూడా విడదీసి చూడలేదు. మేం వాడేది కపాసియా నూనె, అంటే పత్తిగింజలది. పదిహేను కిలోల డబ్బా తొమ్మిది రోజులు వచ్చేది. ముప్ఫై నాలుగు మంది. భాగిస్తే మనిషికి రోజుకు నలభై తొమ్మిది గ్రాములు. చెంచా బరువు తెలుసుకోవడానికి కిరాణా కొట్టు త్రాసులో పది చెంచాలు పోసి తూచాను. మా లెక్క పదకొండు చెంచాల దాకా తేలింది. ఇందులో బయట బండి మీద తినే ఫాఫడా, గాంఠియా లాంటి నూనెలో వేయించిన చిరుతిళ్లు లేవు. పైగా సాయంత్రం మిరపకాయ బజ్జీలు వేసి మిగిలిన నూనెను మర్నాడు కూరలో పోసేవాళ్లం. కాచిన నూనెను మళ్లీ మళ్లీ కాచడం ఇంకా చెడ్డదని డాక్టరు చెప్పాడు. దాన్ని మేం పొదుపు అనుకునేవాళ్లం.

"ఒక్కసారే కోత పెట్టకు. వారానికి ఇంత అని దిగుదాం," అంది సులోచన.

"ఆయన గుండె వారాలు ఆగుతదా?" అన్నాను.

మర్నాటి నుంచి ఇరవై గ్రాములకు దించాను. బజ్జీలు మానేసి, సాయంత్రం గుడాలు పెట్టాం. బొబ్బర్లో సెనగలో ఉడకబెట్టి ఉల్లిపాయ చల్లినవి. అప్పడాలు, పచ్చడి పళ్లెంలోంచి తీసేశాం. ఉప్పు ఎక్కువగా ఉండేది వాటిలోనే. అన్నం తగ్గించి జొన్నరొట్టె పెంచాం. కూరలో కూరగాయ ముక్కలు రెట్టింపయ్యాయి. నేను తెచ్చే సరుకు తగ్గలేదు, పెరిగింది. కాని ముక్కలు ఎవరు లెక్కపెడతారు? పళ్లెం వంచారు. తర్రి లేదు.

మొదట గొంతెత్తింది భూమయ్య. ముప్ఫై తొమ్మిదేళ్ల మనిషి, గట్టి పనివాడు, అంతకన్నా గట్టి నోరు. "ఏంది నర్సన్నా, పప్పుల ఈత కొట్టాల్నా? నూనె బొట్టు దొరికితే చెప్పుండ్రి, బొట్టు పెట్టుకుంట!" వసారా అంతా నవ్వింది. రెండో రోజు, "నర్సన్న కొత్త ఇల్లు కడుతుండొచ్చు. మన నూనెతోనే సిమెంటు కలుపుతుండు" అన్నాడు. వారం తర్వాత నవ్వులు పోయాయి. ఒక రాత్రి ఎవరో ఇద్దరు పప్పు గిన్నె ఎత్తి వాకిట్లోకి విసిరారు. ఓదెలు తల దించుకుని గబగబా తిన్నాడు. ఆయన చెవులు ఎర్రగా అవడం చూశాను. ఒక్క మాట అంటే చాలు, గొడవ ఆగుతుంది. ఆ మాట ఆయనదే గాని నాది కాదు.

మెల్లగా దిగుదామన్న తన మాట వినలేదని సులోచన నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. రెండో వారానికి తొమ్మిది మంది వేరే మెస్సులో చేరారు. ఆ రోజు సాయంత్రం భూమయ్య అందరి ముందు నా ఎదురుగా నిలబడ్డాడు. "మా నూనె మాకియ్యి. నువ్వు వండుతవో, నెత్తికి రాసుకుంటవో మాకొద్దు. మా వంతు మా చేతుల పెట్టు!"

తిట్టడానికే అన్నాడు. కాని నాకు అది లెక్కలా వినపడింది. నలభై తొమ్మిదిలో ఇరవై పోతే ఇరవై తొమ్మిది గ్రాములు. ఏడు రోజులకు రెండు వందల మూడు. గిన్నెకు అంటుకునేందుకు మూడు వదిలేస్తే వారానికి రెండు వందల గ్రాములు.

"సరే," అన్నాను. "ఆదివారం నుంచి మీ నూనె మీ చేతుల."

బజారుకు వెళ్లి మూత బిగుతుగా ఉండే చిన్న ప్లాస్టిక్ సీసాలు తెచ్చాను. ఎవరిది ఎవరిదో తెలిసేందుకు పేర్లు రాద్దామనుకున్నాను. అందరూ చదవలేరు. అప్పుడు మావాళ్లు తమ పద్ధతే చేశారు. ఎవరి మగ్గం మీద నడుస్తున్న రంగు దారాన్ని వాళ్లు సీసా మెడకు చుట్టి, ఎవరి ముడి వాళ్లు వేసుకున్నారు. నేతగాడి ముడి సంతకం లాంటిదే, పక్కవాడిది చూస్తే తెలిసిపోతుంది. వసారా గోడకు మేకులు కొట్టి సీసాలు వేలాడదీశాం. వారం వారం అందరి ముందు త్రాసు పెట్టి తూచి పోశాను. అన్నం తినేటప్పుడు కావలసినవాడు తన సీసా తీసుకుని కూరలో పోసుకోవచ్చు.

ఆ తర్వాత జరిగింది నా వృత్తిలో నేను చూసిన అన్ని వింతల్లోకీ పెద్ద వింత.

మొదటి రోజు అందరూ దర్జాగా పోసుకున్నారు. మూడో రోజుకు చేతులు వెనకాడాయి. పచ్చి నూనె కూరలో రుచిగా లేకపోవడం ఒక కారణం. అసలు కారణం వేరు. గిన్నెలో ఉన్నంతకాలం అది మెస్సు నూనె, ఎంత తేలితే అంత లాభం. సీసాలోకి వచ్చేసరికి తన నూనె అయింది. పోసుకుంటే తగ్గుతుంది. వారం చివర చూస్తే సగానికి పైగా సీసాలు నిండుగా ఉన్నాయి. భూమయ్య అయితే మూత కూడా తీయలేదు.

"పోసుకోవేంది భూమన్నా?" అని సులోచన ఆటపట్టించింది.

"నాలుగు సీసాలైతే కిలోకు తక్కువైతది వదినే. ఊరికి పోయేదాక ఆగి డబ్బ నింపుతా. మా ఇంటిది ఖుషీ అయితది."

ఇంకొన్నాళ్లకు వసారాలో క్రికెట్ పందేలు కూడా సీసాల మీదే జరిగాయి. నూనె ఇవ్వని దొంగననే మాట దానంతట అదే పోయింది. వెళ్లిన తొమ్మిది మందిలో ఆరుగురు తిరిగి వచ్చి మేకులు అడిగారు. ఇరవై గ్రాముల కూరలకు నాలుకలు అలవాటుపడ్డాయి. సులోచన పచ్చిపులుసుకు మాత్రం రెండోసారి అడగడం మొదలైంది. దానికి నూనె పోపు గింజలు తడవడానికి తప్ప అక్కర్లేదు. ఓదెలు సీసా కూడా మిగతావాటిలాగే తన మేకు మీద నిండుగా వేలాడేది. ముప్ఫై సీసాల మధ్య అది ఎవరికీ కనపడలేదు. నాకు కావలసింది అదే.

మిగిలింది నడక. దీని దగ్గర ఓదెలు డాక్టరుతో వాదించాడు. "పన్నెండు గంటలు మగ్గాల నడుమ తిరుగుతున్న సార్. ఇంకేం నడవాలె?" నాకూ అదే సందేహం. ఒకరోజు అన్నం ఇచ్చే నెపంతో షెడ్డుకు వెళ్లి ఆయన వెనక నిలబడి చూశాను. నాలుగడుగులు వేస్తాడు, ఆగుతాడు. తెగిన దారం ముడి వేస్తాడు, ఇంకో రెండడుగులు, మళ్లీ ఆగుతాడు. నిలబడే సమయంతో పోలిస్తే నడక చాలా కొద్ది. నడకలా కనిపించిందంతా నిలబడి అలసిపోవడమే. ఇదే డాక్టరుకు చెబితే నవ్వి, "చల్‌నా అలగ్, ఖడే రెహనా అలగ్," అన్నాడు. నడవడం వేరు, నిలబడటం వేరు. ఆగకుండా అరగంట నడవాలి, మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంత వేగం ఉండాలి. చాతిలో ఏమాత్రం పట్టేసినా వెంటనే ఆగాలి. ఇదీ ఆయన చెప్పిన కొలత.

పొద్దున అయిదున్నరకు మొదలుపెట్టాం. బమ్రోలి నుంచి ఆల్థాన్ వైపు వెళ్లి రావడం. గల్లీ దాటేలోపే ముగ్గురు ఆపారు. మా గల్లీలో పని లేకుండా నడిచే మనిషి ఉండడు.

"ఎటు ఓదెలన్నా, పొద్దున్నే?"

"ఎటూ లేదు, ఊకెనే."

"ఊకెనే ఎట్ల పోతవు? రా, చాయ్ తాగు."

రమ్మన్న చాయ్ కాదనడం మావాళ్లలో మర్యాద కాదు. మొదటి వారం నడక కన్నా చాయ్‌లే ఎక్కువయ్యాయి, అదీ చక్కెర దండిగా ఉన్నవి. ఉపాయం సులోచనే చెప్పింది. ఒక ఖాళీ టిఫిన్ క్యారియర్ ఓదెలు చేతికిచ్చింది. "ఇది పట్టుకుని పోండ్రి. ఎవరో ఆకలితోని ఎదురుచూస్తున్నట్టు పోవాలె."

అద్భుతంగా పనిచేసింది. క్యారియర్ పట్టుకున్నవాడిని మా గల్లీలో ఎవరూ ఆపరు. ఆకలిగా ఉన్నవాడి అన్నం ఆలస్యం చేయడం పాపం. "జల్దీ పో, చల్లారుతది!" అని దారి ఇచ్చేవాళ్లు. తోడుకు నేనూ నడిచాను. ఆల్థాన్ చేరేసరికి అక్కడ బ్యాంకుల్లో, రైల్వేలో పనిచేసే తెలుగువాళ్లు తెల్లని బూట్లు వేసుకుని చేతులూపుతూ నడుస్తుండేవాళ్లు. ఒకాయన రోజూ మమ్మల్ని చూసి, చివరికి ఉండబట్టలేక, "ఏమండీ, టిఫిన్లు ఎంతమందికి పంపుతారు?" అని అడిగాడు. "ఒక్కనికే సార్," అన్నాడు ఓదెలు. ఆ ఒక్కడు తనేనని ఆయనకు చెప్పలేదు.

ఆగస్టులో టీఎంటీ జరిగింది. పట్టీ మీద ఓదెలు నడుస్తుంటే అద్దం తలుపు బయట నేను నా నాడి పట్టుకుని నిలబడ్డాను. ఎందుకో నాకే తెలియదు. డాక్టరు గీతలు తిప్పి తిప్పి చూశాడు. బరువు ఆరు కిలోలు తగ్గింది, రక్తపోటు దిగింది. "నీ గుండె నీ మాట వింటోంది," అన్నాడు. ఎనిమిది మగ్గాలకు ఒప్పుకున్నాడు గాని రాత్రి షిఫ్టు వద్దన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఓదెలు ఆటో ఎక్కనన్నాడు. నడిచే వచ్చాం.

కథ ఇక్కడితో ముగిస్తే నాకు సుఖంగా ఉండేది.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఒక పొద్దున. రాత్రి షిఫ్టు వాళ్లు కొందరు ఏడు కాకముందే దిగి తినడానికి వచ్చారు, పగటి షిఫ్టు వాళ్లు తిని బయలుదేరుతున్నారు. భూమయ్య వచ్చి రొట్టె ముందు కూర్చుని, తినకుండా చాతి రుద్దుకుంటున్నాడు. నుదుట చెమట.

"ఏంది భూమన్నా, పొద్దుగాల్నే పెండ్లికొడుకు లెక్క మెరుస్తున్నవ్?" అన్నాడెవరో.

"గ్యాసురా. రాత్రి బండి మీద భజియాలు తిన్న. సోడా తేండ్రి," అన్నాడు భూమయ్య. "ఒక్క గంట పంట."

ఓదెలు అప్పటికే చెప్పులు వేసుకుని వాకిట్లో ఉన్నాడు. ఆ మాట విని లోపలికి వచ్చాడు. భూమయ్య ముందు కూర్చుని, "ఎడమ చెయ్యి గుంజుతున్నదా?" అన్నాడు.

"జర. నీకెట్ల తెలుసు?"

"దవడ?"

భూమయ్య తల ఊపాడు. "నువ్వేమన్న డాక్టర్‌వా? షిఫ్టుకు పో, మీ సేటు తిడతడు. గ్యాసన్న గదా!"

ఓదెలు నా వైపు ఒక్కసారి చూశాడు. వసారాలో ఇరవై మందికి పైగా ఉన్నారు. అందులో ముగ్గురు ఆయన సేటు షెడ్డులోనే పనిచేస్తారు.

"గిది గ్యాసు గాదు భూమా," అన్నాడు. ఎప్పుడూ లేనంత గట్టిగా అన్నాడు. "నాకు పోయిన మార్చిల గిదే వచ్చింది. గుండెపోటు. ఎనిమిది రోజులు దవాఖానల పన్న. నడుంనొప్పి అబద్ధం, పెండ్లి అబద్ధం. నర్సన్న నూనె కోసింది నా కోసం. నువ్వు దొంగ అంటే పడ్డడు. లే. పంటే లేవవు."

భూమయ్య నా ముఖం చూశాడు, గోడ మీది సీసాలు చూశాడు, ఏదో అనబోయి చాతి పట్టుకున్నాడు. నడవనివ్వకుండా నలుగురు ఎత్తి ఆటోలో కూర్చోబెట్టారు. ఓదెలు కూడా ఎక్కాడు. ఆ రోజు షిఫ్టుకు పోలేదు.

భూమయ్య బతికాడు. తొందరగా తెచ్చారు కాబట్టి కండరం ఎక్కువ దెబ్బతినలేదని అదే డాక్టరు చెప్పాడు. సాయంత్రానికి సేటుకు సంగతి చేరింది. మూడో రోజు ఓదెలును పిలిచి, చెడ్డమాట ఏమీ అనకుండా, చాయ్ తాగించి మరీ, మగ్గాలు తీసేసుకున్నాడు. నా షెడ్డులో మనిషి పడిపోతే పోలీసులు నా గల్లా పట్టుకుంటారు కదా అన్నాడట. డాక్టరు ఇచ్చిన కాగితం చూపించినా చదవలేదు. నేను ఇంకో ఇద్దరు సేట్ల దగ్గరికి తిరిగాను. పేరు చెప్పగానే, ఆ గుండెజబ్బు ఆయనా, అన్నారు.

ఓదెలు ఊరికి బయలుదేరిన రోజు భూమయ్య కర్ర పట్టుకుని స్టేషన్‌కు వచ్చాడు. డాక్టరు కర్ర అక్కర్లేదన్నా వినలేదు. రైలు కదిలే ముందు భూమయ్య, "నోరు మూసుకుని పనికి పోతే అయిపోయేది గద అన్నా," అన్నాడు.

"పోదామనే చెప్పులేసుకున్న. నువ్వు పంట అన్నవ్," అన్నాడు ఓదెలు.

స్టేషన్‌కు బయలుదేరే ముందు మెస్సులో నేను ఒక తూచిన నూనె డబ్బా ఓదెలు ముందు పెట్టాను. మొదటి ఆదివారం నుంచి ఆయన తన సీసా ఒక్కసారి కూడా వంచలేదు. వారం కాగానే నిండు సీసా నాకే తిరిగి ఇచ్చేవాడు. నేను దాన్ని ఆయన పేర జమ వేసుకుని, ఆ నూనెతోనే మళ్లీ నింపేవాణ్ణి. అదంతా కలిపి కొత్త నూనె డబ్బాలో పోశాను. ఆయన డబ్బా వెనక్కి నెట్టాడు.

"ఇంటికి పట్కపోతే మా ఇంటామె గారెలు చేసి పెడతది. కాదంటే ఏడుస్తది. నీ దగ్గర్నే ఉండనియ్యి."

"నీ నూనె నేనెట్ల వాడుత?"

"వాడకు. రాసి పెట్టు."

ఆయన ఇప్పుడు సిరిసిల్ల దగ్గర బామ్మర్ది బట్టల దుకాణంలో కూర్చుంటాడు. పండగలకు ఫోన్ చేస్తాడు. మొదట నా మెస్సు సంగతి అడుగుతాడు, తర్వాత తన బరువు చెబుతాడు.

మెస్సు నడుపుతున్న నాకు ఈ ఉదంతం నేర్పింది చిన్న విషయమే. మనుషులు ఏం తినాలో చెప్పి మార్చడం నాకు చేతకాలేదు. వాళ్లు తింటున్నది ఎంతో వాళ్ల చేతికే ఇచ్చి చూపిస్తే మారారు. ఇప్పటికీ కొత్తగా చేరినవాడికి ఒక సీసా, ఒక మేకు ఇస్తాను, చాతి బరువు అన్నవాడిని మాత్రం గ్యాసు అననివ్వను. అందుకు ఓదెలు కట్టిన వెల ఏ త్రాసులో పెట్టాలో నాకు తెలియదు. తెలిసింది ఒక్కటే. ముప్ఫై ఏడు వారాలు, వారానికి రెండు వందల గ్రాములు. ఆయన తినని నూనె నేటికీ నేను ఆయనకు బాకీ: ఏడు కిలోల నాలుగు వందల గ్రాములు.